తోమకండి, చదవండి: తాత దాచిన యుద్ధకాలపు పిస్తోలు విలువ తెలిసేదెలా?

పెద్దాయన పోయారు. పిల్లలు ఇల్లు సర్దుతూ అటక మీది ట్రంకుపెట్టె దించారు. పాత యూనిఫాం, ఉత్తరాల కట్ట, వాటి కింద బిగుసుకుపోయిన తోలు ఒర. ఒరలో పిస్తోలు. ఉక్కు మీద అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు, చెక్క పిడి మీద ఏళ్లనాటి జిడ్డు. చూసినవారి చెయ్యి ముందుగా వెతికేది ఒక గుడ్డముక్క కోసమే. తాతగారి వస్తువు కదా, శుభ్రంగా తుడిచి మెరిపిద్దామని.

ఆ గుడ్డముక్క పక్కన పెట్టమని చెప్పడానికే ఈ వ్యాసం.

పండక్కి ముందు ఇత్తడి బిందెల్ని చింతపండుతో తోమి తళతళలాడించడం మనకు అలవాటు. బిందెకు అది మర్యాద. పాత ఆయుధానికి అదే పని పెద్ద నష్టం. దాని మీది ప్రతి పొరా, ప్రతి గీతా, ప్రతి అంకే ఒక రాత. ఎక్కడ తయారైంది, ఎవరి చేతిలో తిరిగింది, ఎప్పుడు మరమ్మతుకు వెళ్లింది అన్నీ ఆ రాతలోనే ఉంటాయి. విలువ కట్టేవారు చదివేది దాన్నే. తోమితే ఆ రాత చెరిగిపోతుంది, మళ్లీ రాయడం ఎవరివల్లా కాదు.

మాటల్లో తేలిపోకుండా ఉండటానికి ఒక్క ఆయుధాన్ని ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుందాం. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ జర్మన్ సైన్యం వాడిన లూగర్ పి.08. ఓడిన జర్మన్ల దగ్గర నుంచి మిత్రదేశాల సైనికులు గుర్తుగా తెచ్చుకోవాలని ఎక్కువగా ఆశపడిన వస్తువుల్లో ఇదొకటి. అందుకే అమెరికాలో ఎన్నో ఇళ్ల బీరువాల్లో ఇవి తరం మారి వారసుల చేతికి వస్తున్నాయి. మన ఉదాహరణకు, ఛాంబర్ మీద 1917 అని ముద్ర ఉన్న ఒక లూగర్ దొరికిందనుకుందాం.

ముందు ప్రాణం, తర్వాతే ధర

వందేళ్ల పిస్తోలు కాబట్టి పేలదని అనుకోవద్దు. యుద్ధం నుంచి తెచ్చినవారు తూటాలతో సహా దాచిపెట్టిన సందర్భాలు ఉన్నాయి. లోపల తూటా ఉందనే భావించి చేయి వేయాలి. గొట్టం మనుషులు లేని వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లోకి పోకూడదు.

లూగర్‌లో తయారీదారులే ఒక హెచ్చరిక చెక్కి పెట్టారు. పైభాగాన, తూటాను పట్టి లాగే చిన్న కొక్కెం పక్కన "గెలాడెన్" అనే జర్మన్ మాట ఉంటుంది. నిండి ఉంది అని అర్థం. ఛాంబర్‌లో తూటా ఉంటే ఆ కొక్కెం పైకి లేస్తుంది, మాట కంటికి కనిపిస్తుంది, చీకట్లో వేలికి తగులుతుంది. సేఫ్టీ మీట కిందకి దించితే "గెజిషెర్ట్" అనే మరో మాట బయటపడుతుంది. భద్రం అని అర్థం. అయినా వందేళ్ల స్ప్రింగుల మాట పూర్తిగా నమ్మకూడదు. మేగజైన్ తీసి, పైనున్న మోకాలు లాంటి కీలును వెనక్కి లాగి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసుకోవాలి.

ఈ పిస్తోలుకు ఒక ప్రమాదకరమైన గుణం కూడా ఉంది. పైభాగాన్ని కింది చట్రం నుంచి విడదీసి చేతిలో పట్టుకున్నా, లోపల తూటా ఉండి స్ప్రింగు బిగిసి ఉంటే, ఎడమ పక్కన బయటకు కనిపించే సన్నటి కడ్డీ నొక్కుకుంటే చాలు, పేలుతుంది. ఖాళీ అని తేలకముందే విప్పి చూద్దామనుకోవడం ప్రాణాంతకం. ఆయుధాలు తెలియనివారు అసలు ముట్టుకోకుండా, తెలిసిన తుపాకీ మెకానిక్‌నో పోలీసులనో పిలవడమే మేలు.

ఇది ఏ పిస్తోలు?

విలువ కట్టడంలో మొదటి మెట్టు గుర్తుపట్టడం. లూగర్ అనేది ఒక ఇంటిపేరు లాంటిది, దాని కింద చాలామంది పిల్లలున్నారు.

ఆస్ట్రియాలో పుట్టిన గియోర్గ్ లూగర్, హ్యూగో బోర్కార్ట్ 1893లో చేసిన పెద్ద పిస్తోలును చిన్నదిగా, చేతికి ఇమిడేలా మార్చాడు. 1900లో స్విట్జర్లాండ్ సైన్యం, 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో జర్మన్ సైన్యం దాన్ని తీసుకున్నాయి. పి.08లోని 08 ఆ చివరి సంవత్సరమే. దానికోసం రూపొందిన 9 మిల్లీమీటర్ల పారాబెల్లం తూటా ఈనాటికీ ప్రపంచమంతా వాడకంలో ఉంది.

గొట్టం పొడవు చూడండి. సుమారు 10 సెంటీమీటర్లుంటే పదాతిదళానిది, 15 ఉంటే నౌకాదళానిది, 20 ఉంటే ఫిరంగిదళానిది. ఫిరంగిదళం పిస్తోలుకు 800 మీటర్ల దాకా గీతలున్న గురి పలక, వెనక తగిలించుకునే చెక్క భుజదండం, 32 తూటాలు పట్టే గుండ్రటి మేగజైన్ ఉండేవి. నౌకాదళం, ఫిరంగిదళం రకాలకు మామూలు వాటికన్నా ధర ఎక్కువ.

తర్వాత కీలు ముందు భాగం మీది ముద్ర. అల్లుకున్న అక్షరాలుంటే అది బెర్లిన్‌లోని డి.డబ్ల్యు.ఎం. కంపెనీది. కిరీటం కింద ఎర్‌ఫుర్ట్ అని ఉంటే ఆ ఊరి ప్రభుత్వ ఆయుధశాలది. మొదటి యుద్ధం తర్వాత సూల్ పట్టణంలోని సిమ్‌సన్ అనే యూదుల సంస్థ కూడా తయారు చేసింది. నాజీలు వచ్చాక ఆ సంస్థను యజమానుల నుంచి లాక్కున్నారు. 1930లో ఈ తయారీ ఓబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీకి మారింది. అక్కడ పేరు దాచి సంకేతాలు కొట్టారు. మొదట ఎస్/42, తర్వాత 42, 1941 నుంచి బి.వై.ఎఫ్. సంవత్సరాన్ని కూడా మొదట్లో దాచారు. కె అంటే 1934, జి అంటే 1935. 1936 నుంచి నాలుగు అంకెలూ బాహాటంగా వేశారు, చివరి కాలంలో 41, 42 అని రెండే. 1938లో వాల్తర్ పి.38 ఎంపికయ్యాక లూగర్ వెనకబడింది, 1942లో మౌజర్ సైన్యానికి వీటి తయారీ ఆపేసింది.

మన పిస్తోలు మీద డి.డబ్ల్యు.ఎం. ముద్ర, 1917 ఉన్నాయి. అంటే మొదటి యుద్ధం నాటిది. దాని పైన 1920 అని రెండో సంవత్సరం కూడా ఉంటే భయపడకండి, ఎవరూ మోసం చేయలేదు. మొదటి యుద్ధం తర్వాతి వెర్సాయ్ ఒప్పందం జర్మన్ సైన్యాన్ని లక్షమందికి కుదించింది. మిగిలిన ఆయుధాలు ప్రభుత్వానివేనని గుర్తుగా 1920లో ఆ ముద్ర కొట్టారు. ఒకే ఛాంబర్ మీద రెండు తేదీలు, రెండు సైన్యాల చరిత్ర.

పిడి ముందు అంచున కూడా చూడండి. 77.ఆర్.5.20 వంటి అక్షరాలు ఉండవచ్చు. 77వ రెజిమెంటు, 5వ కంపెనీ, 20వ ఆయుధం అని దాని అర్థం. ఆ కంపెనీలో ఇరవయ్యో పిస్తోలు ఎవరి నడుముకు వేలాడిందో ఇప్పుడు చెప్పలేం. కానీ ఆ రెజిమెంటు ఏ యుద్ధభూమిలో ఉందో చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. ఆకురాయి పెట్టి రెండుసార్లు రుద్దితే ఆ గుర్తులన్నీ మాయం.

అంకెలన్నీ కలిశాయా?

ఇక విలువలో సగం తేల్చేది ఈ ప్రశ్న.

ఆ రోజుల్లో యంత్రాలు భాగాలను తయారు చేసేవి, చేతులు వాటిని ఒకదానికొకటి అమర్చేవి. పనివాడు ఆకురాయితో ఒక్కో భాగాన్ని సవరించి, కదలిక సాఫీగా వచ్చేదాకా కూర్చేవాడు. తర్వాత విప్పి రంగు పట్టించి మళ్లీ బిగించాలి. వందల పిస్తోళ్ల భాగాలు కలిసిపోతే ఏది ఎక్కడిదో తెలియదు. అందుకే ప్రతి భాగానికీ నంబరు. చట్రం ముందు, ఎడమ పక్కన, గొట్టం కింద పూర్తి నంబరు ఉంటుంది. కీలు ముక్కలు, పక్క రేకు, ట్రిగ్గర్, సేఫ్టీ మీట, విడదీసే మీట వంటి చిన్న భాగాల మీద ఆ నంబరులోని చివరి రెండంకెలు.

మన పిస్తోలు నంబరు 4738, కింద ఇంగ్లిషు చిన్న "బి" అక్షరం అనుకుందాం. చిన్న భాగాలన్నింటి మీదా 38 ఉండాలి. ఒక భూతద్దం, ఒక కాగితం, పెన్సిలు చాలు. భాగం పేరు, దాని మీది అంకె రాసుకుంటూ పోండి. 38, 38, 38, 38... ఒకచోట 61 వచ్చిందా, ఆ ముక్క మరో పిస్తోలుది. సైనిక శిబిరంలో నలుగురు ఒకే బల్ల మీద విప్పి శుభ్రం చేసుకుంటూ ముక్కలు మార్చుకున్నారేమో. విరిగితే మెకానిక్ మార్చాడేమో. సైనికుడికి అది సమస్య కాదు. సేకరించేవారికి మాత్రం ఆ ఒక్క 61 ధరను గట్టిగా తగ్గించేస్తుంది.

ఆ చిన్న అక్షరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నంబర్లు 10,000 చేరగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి ఎ, బి, సి అని అక్షరం తగిలించేవారు. కొత్త సంవత్సరంలో మళ్లీ మొదటికి. కాబట్టి 4738 అనే నంబరున్న లూగర్లు చాలా ఉంటాయి. కంపెనీ, సంవత్సరం, నంబరు, అక్షరం నాలుగూ కలిస్తేనే అది మీ తాతగారిది.

గొట్టం కింద 8,82 వంటి అంకె కనిపిస్తే అది క్రమసంఖ్య కాదు, గొట్టం లోపలి కొలత, మిల్లీమీటర్లలో. జర్మన్లు దశాంశ బిందువు స్థానంలో కామా పెడతారు. గొట్టం, ఛాంబర్ కలిసే చోట రెండింటి మీదుగా ఒకే సన్న గీత కొట్టి ఉంటుంది. ఆ గీత రెండు సగాలూ ఒకదానికొకటి ఎదురుగా లేకపోతే గొట్టం మార్చారనో, కదిలించారనో అనుమానించాలి.

మేగజైన్‌నూ మరవకండి. మొదటి యుద్ధం నాటి మేగజైన్‌కు అడుగున చెక్క బిరడా ఉంటుంది. దాని మీద కూడా అదే నంబరు. పిస్తోలుకు రెండు మేగజైన్లు ఇచ్చేవారు, రెండోదాని మీద కూడిక గుర్తు. తొందరలో జారవిడిచే వస్తువు కాబట్టి అసలు మేగజైన్ దొరకడం అరుదు. నంబరు కలిసిన మేగజైన్ ఉంటే ధర చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. రెండూ ఉంటే అది అదృష్టమే.

విలువ ఇంతగా పెరుగుతుంది కాబట్టే మోసమూ వచ్చింది. వేరే పిస్తోలు ముక్క మీది అంకె అరగదీసి కొత్తగా 38 కొడతారు. పట్టుకోవడానికి మూడు ఆనవాళ్లు. అంకె చుట్టూ లోహం కాస్త గుంటపడి ఉంటుంది. అంకె ఆకారం మిగతావాటితో కలవదు. ఆ చోట రంగు కొత్తగా ఉంటుంది. రెండో యుద్ధం నాటి పిస్తోళ్ల మీద నాజీ ముద్రలు, ముఖ్యంగా ఎస్.ఎస్. గుర్తులు, తర్వాత కొట్టి అమ్మినవి చాలా ఉన్నాయి. గుర్తు ఎంత భయంకరమైతే అంత ధర అని మోసగాళ్లకు తెలుసు. అందుకే ముద్ర కనబడగానే ఉప్పొంగిపోకుండా, అది రంగు కింద ఉందా, రంగును చీల్చుకుని ఉందా అని చూడాలి.

రంగు అబద్ధం చెప్పదు

ఇక్కడికి వచ్చాక నెమ్మదిగా చదవండి. తోమవద్దని ఎందుకన్నానో ఇక్కడే అర్థమవుతుంది.

మొదటి యుద్ధం నాటి లూగర్ నల్లగా కాదు, లోతైన నీలి నలుపులో ఉంటుంది. ఆ రంగు పెయింటు కాదు. ఉక్కుకు ఆమ్లం కలిసిన ద్రావణం రాసి, కావాలనే తుప్పు పట్టనిచ్చేవారు. ఆ ఎర్రటి తుప్పును మరిగే నీళ్లలో ఉంచితే నల్లటి గట్టి పొరగా మారుతుంది. పైన వదులుగా ఉన్నదాన్ని బ్రష్‌తో దులిపి, మళ్లీ ద్రావణం, మళ్లీ తుప్పు, మళ్లీ మరిగించడం. ఇలా పలుమార్లు. తుప్పుతోనే తుప్పును ఆపే విద్య అది. ఆ పొర వెంట్రుక కన్నా ఎంతో పలచన. మెరుగు పొడి, ఉక్కు పీచు, గరుకు గుడ్డ ఏది తగిలినా పోతుంది. గోధుమ మచ్చ పోయిందని మీరు సంతోషించేలోపు మచ్చతోపాటు ఆ నీలమూ పోతుంది.

అన్ని భాగాలూ నీలంగా ఉండవు. ట్రిగ్గర్, విడదీసే మీట, మేగజైన్ విడుదల చేసే బటన్ వంటి చిన్న ముక్కలు ఎండుగడ్డి రంగులో, పసుపూ బంగారమూ కలిసినట్టు ఉంటాయి. కమ్మరి కొలిమి దగ్గర నిలబడినవారికి ఈ రంగు తెలుసు. మెరుగుపెట్టిన ఉక్కును వేడిచేస్తే మొదట లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం వరుసగా వస్తాయి. సుమారు 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగు కనిపించగానే ఆపేసేవారు. అందంగా ఉండే ఆ రంగు చాలా సున్నితం. చేతి చెమటకే వెలిసిపోతుంది. 1937 ప్రాంతంలో మౌజర్ ఈ పద్ధతులు వదిలి, వేడి లవణాల ద్రావణంలో ముంచి త్వరగా రంగు పట్టించే దారి పట్టింది. అప్పటి నుంచి చిన్న ముక్కలకూ అదే రంగు.

అంటే రంగు తేదీ చెబుతుంది. మన 1917 పిస్తోలులో ట్రిగ్గర్ సహా అన్నీ ఒకే నిగనిగలాడే నలుపులో ఉంటే, తర్వాత ఎవరో మొత్తం ముంచి తీశారన్నమాట. రెండో యుద్ధంలో సోవియట్ సైన్యం పట్టుకున్న ఎన్నో లూగర్లు ఇలాగే విప్పి, ముంచి, అందిన భాగాలతో మళ్లీ బిగించి నిల్వ చేశారు. వాటి మీద ఇంటూ గుర్తు ఉంటుంది.

రంగు తిరిగి వేశారా అని తేల్చే గట్టి సాక్ష్యం గుంటల్లో ఉంటుంది. తుప్పు తిన్న చోట సూది మొనంత గుంటలు పడతాయి. భూతద్దంలో చూడండి. గుంట అడుగున గోధుమ రంగో, బూడిద రంగో ఉంటే తుప్పు తర్వాత వచ్చింది, రంగు ముందుది. సహజం. గుంట అడుగున కూడా నిగారింపైన నీలమే ఉంటే తుప్పు ముందు వచ్చింది, రంగు తర్వాత వేశారు. కాలం వెనక్కి నడవదు కదా. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే చాలా మోసాల నుంచి బయటపడతారు.

మెరుగు యంత్రం మీద పెట్టిన పిస్తోలును అంచులు పట్టిస్తాయి. కొత్తగా ఉన్నప్పుడు గోరు పెడితే తగిలేంత పదునైన అంచులు గుండ్రబడతాయి. పిన్నులు దూరే రంధ్రాల చుట్టూ లోహం గిన్నె అడుగులా వంగుతుంది. ముద్రల గీతలు సగం చెరిగి, అలికినట్టు కనిపిస్తాయి.

నిజాయితీగా అరిగిన పిస్తోలు అరుగుదల వేరు. ఒరలో పెట్టి తీసినప్పుడల్లా గొట్టం కొస, పక్క రేకు ఎత్తైన అంచులు రాసుకుని తెల్లబడతాయి. అరచేయి పట్టిన చోట నీలం పోయి బూడిద, గోధుమ కలిసిన నెమ్మదైన రంగు వస్తుంది. చేయి తగలని మూలల్లో అసలు నీలం అలాగే ఉంటుంది. రోజూ తొక్కిన గడపలా ఎక్కడ అరగాలో అక్కడే అరుగుతుంది.

శాతాల లెక్క

సేకరించేవారు మిగిలిన అసలు రంగును శాతాల్లో చెబుతారు. 95 శాతం, 85 శాతం, 60 శాతం ఇలా. అమెరికాలో ధరల పుస్తకాలూ ఈ మెట్ల ప్రకారమే నడుస్తాయి. కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఏటవాలుగా తిప్పుతూ చూడండి. బల్బు కింద చూస్తే నూనె కూడా నీలంలా మోసం చేస్తుంది. ఒక్కో పక్కను విడిగా అంచనా వేసి తర్వాత కలపండి. మన వస్తువు మీద ప్రేమ కొద్దీ పది శాతం ఎక్కువే వేసుకుంటాం. ఆ పదీ తీసేసి రాయండి.

ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. 60 శాతం అసలు రంగు మిగిలిన పిస్తోలు, నూటికి నూరు శాతం కొత్త రంగు వేసిన పిస్తోలు కన్నా విలువైనది. అసలుకు తగ్గింపు ఉంటుంది గానీ, నకలుకు శాతమే ఉండదు.

తర్వాత గొట్టం లోపల. ఖాళీ అని మరోసారి తేల్చుకుని, వెలుగు వైపు పట్టి చూడండి. మెలి తిరిగిన గాడులు పదునుగా, మెరుస్తూ ఉంటే మంచిది. చీకటిగా, గరుకుగా ఉంటే పాతకాలపు తూటాల లవణాలు తినేశాయి. పిడి చెక్కలు వాల్‌నట్‌వి, వాటి మీద సన్నటి గళ్ల చెక్కడం ఉంటుంది. గళ్ల కొనలు ఇంకా నిలిచి ఉన్నాయా, అరిగి చదునయ్యాయా చూడండి. ఎడమ చెక్క పైమూల, సేఫ్టీ మీట దగ్గర, చిట్లడం సాధారణం. చెక్కల లోపలి వైపు కూడా ఆ రెండంకెల నంబరు ఉంటుంది.

కథకు కాగితం కావాలి

మా తాత దీన్ని జర్మన్ అధికారి నుంచి తీసుకున్నాడు అనే కథ దాదాపు ప్రతి లూగర్ వెంటా వస్తుంది. తుపాకీని కొను, కథను కొనకు అని సేకరించేవారు ఒకరికొకరు చెప్పుకుంటారు. కథ అబద్ధమని కాదు, రుజువు లేని కథకు అంగట్లో ధర పలకదని.

రుజువుంటే మాట వేరు. రెండో యుద్ధంలో అమెరికా సైనికులు పట్టుకున్న ఆయుధాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి వారికి పై అధికారి సంతకంతో అనుమతి పత్రం ఇచ్చేవారు. దాని మీద కొన్నిసార్లు పిస్తోలు నంబరు కూడా రాసి ఉంటుంది. ఆ నంబరు, చేతిలోని నంబరు కలిస్తే పిస్తోలు ధర బాగా పెరుగుతుంది. కాబట్టి ట్రంకుపెట్టెలోని ఏ కాగితాన్నీ చెత్తలో పడేయొద్దు. ఉత్తరాలు, సైనిక రికార్డులు, పిస్తోలు పట్టుకుని దిగిన ఫోటో, అన్నీ దానితోనే ఉండాలి. తోలు ఒర మీద తయారీదారు పేరు, ఊరు, సంవత్సరం ముద్ర ఉంటాయి. ఒర మూత లోపలి చిన్న అరలో విప్పడానికి, తూటాలు నింపడానికి వాడే పనిముట్టు ఇంకా ఉందేమో చూడండి.

చివరికి ఎంత?

బంగారం అయితే తూకం వేసి ధర చెబుతారు. ఇక్కడ తూకం లేదు. అమెరికా మార్కెట్‌లో అంకెలు కలవని, రంగు తిరిగి వేసిన మామూలు లూగర్ సుమారు వెయ్యి డాలర్ల దగ్గర ఉంటే, అంకెలన్నీ కలిసి, అసలు రంగు బాగా మిగిలినది దానికి రెండింతలూ ఆపైనా పలుకుతుంది. అరుదైన రకమైతే ఇంకా ఎక్కువ.

అరుదు ఎంత దూరం తీసుకెళుతుందో ఒక పిస్తోలు చూపించింది. 1907లో అమెరికా సైన్యం కొత్త పిస్తోలు కోసం పరీక్షలు పెట్టినప్పుడు, లూగర్ తన డిజైన్‌ను .45 తూటాకు పెంచి కొద్ది నమూనాలే చేశాడు. మిగిలిన వాటిలో ఒకటి 1989లో పది లక్షల డాలర్లకు అమ్ముడైంది. అదే పిస్తోలు 2010 వేలంలో అయిదు లక్షలకు కాస్త తక్కువకు పోయింది. పిస్తోలు మారలేదు, కొనేవారు మారారు. విలువ అనేది వస్తువులో సగం, ఆ రోజు ఎదురుగా ఉన్న కొనుగోలుదారులో సగం.

కాబట్టి ధర వెతికేటప్పుడు అమ్మేవాడు అడిగే ధర చూడకండి, నిజంగా అమ్ముడైన ధర చూడండి. నగ అమ్మబోతే దుకాణదారు మజూరీ, తరుగు తీసేసినట్టే, ఆయుధాల వ్యాపారి కూడా తన లాభం తీసుకునే కొంటాడు. వేలంలో కొన్నవాడు కట్టే మొత్తంలో వేలం సంస్థ కమీషన్ కలిసి ఉంటుంది, అదంతా మీ చేతికి రాదు. విలువ కట్టేవాడే కొంటానంటే మరొకరి అభిప్రాయం కూడా తీసుకోండి.

అమెరికాలో ఉన్నవారికి చట్టం గురించి ఒక మాట. అక్కడి ఫెడరల్ చట్టంలో పురాతన ఆయుధమంటే 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనదే. మన 1917 పిస్తోలు వందేళ్లు దాటినా ఆ లెక్కలో మామూలు తుపాకీయే. వీలునామా వల్లగానీ వారసత్వంగాగానీ వచ్చినప్పుడు రాష్ట్రం దాటించడానికి కొన్ని మినహాయింపులున్నాయి. రాష్ట్రాల నిబంధనలు వేరువేరు. ముందు వకీలునో లైసెన్సున్న డీలర్‌నో అడిగాకే కదిలించాలి.

మన ఇంట్లో దొరికితే

భారత సైన్యం రెండు యుద్ధాల్లోనూ జర్మన్లతో తలపడింది. మొదటిసారి ఫ్రాన్సులో, రెండోసారి ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో. అధికారుల చేతుల్లో వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రివాల్వర్లు ఉండేవి. ఆంధ్రలోనో తెలంగాణలోనో పాత ఇంట్లో అలాంటిది బయటపడితే, ధర ఆలోచించే ముందు చట్టం ఆలోచించాలి.

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. లైసెన్సున్న పెద్దాయన పోయిన రోజు నుంచి ఆ ఆయుధం వారసుల దగ్గర ఉండటానికి ఆధారం ఉండదు. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్సున్న డీలర్ దగ్గరగానీ జమ చేసి, నంబరు రాసిన రసీదు తీసుకోవాలి. ఆపైన వారసులు తమ పేరున లైసెన్సుకు కలెక్టర్‌కు, కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. 9 మిల్లీమీటర్ల లూగర్ వంటివి నిషేధిత బోర్ కిందకి వస్తాయి కాబట్టి కేంద్రం అనుమతి కావాలి.

మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధాలకు చట్టంలో మినహాయింపు ఉంది. కానీ ఏది ఆ స్థితిలో ఉందో మనమే తేల్చుకోకూడదు. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను దేశం బయటికి పంపడంపై 1972 పురావస్తువుల చట్టం ఆంక్షలు పెట్టింది. విదేశాల్లో ధర ఎక్కువని పార్సెల్ కట్టాలన్న ఆలోచనే వద్దు.

గుడ్డముక్కకు కూడా ఒక పని ఉంది

మొదట్లో పక్కన పెట్టమన్న గుడ్డముక్కను ఇప్పుడు తీసుకోవచ్చు. మెత్తటి నూలు గుడ్డ, దాని మీద తుపాకులకు వాడే పలచటి నూనె రెండు చుక్కలు. చేతికి తొడుగు వేసుకుని, రుద్దకుండా, ఒక్కసారి అద్దినట్టు తుడవండి. చెమటలోని ఉప్పు పోతుంది, నీలం నిలుస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన సూక్ష్మస్ఫటిక మైనం పలచగా రాసినా మంచిదే. ఎర్ర తుప్పు ఇంకా పాకుతుంటే నిపుణులకు చూపించండి. చెక్కకు వార్నిష్ వద్దు.

ఒర పక్కనే ఉండాలి, కానీ పిస్తోలు ఒరలో ఉండకూడదు. తోలులో మిగిలిన లవణాలు, తేమ కలిసి ఉక్కును తింటాయి. మన ట్రంకుపెట్టెలోని పిస్తోలు మీద అక్కడక్కడ కనిపించిన గోధుమ మచ్చలు బహుశా ఆ తోలు పెట్టినవే. పొడి గదిలో, తాళం వేసిన పెట్టెలో, తేమ పీల్చే పొట్లంతో ఉంచండి. పేల్చి చూద్దామన్న కోరిక చంపుకోండి. నంబరున్న ఒక్క ముక్క విరిగితే, దాని స్థానంలో వచ్చేది ఎవరిదో 61 అవుతుంది.

చివరగా ఒక తెల్లకాగితం తీసుకోండి. కంపెనీ, సంవత్సరం, నంబరు, అక్షరం రాయండి. ఏ భాగం మీద ఏ అంకె ఉందో రాయండి. తర్వాత ఇంట్లో మిగిలిన పెద్దవారి దగ్గర కూర్చుని, అది ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, దాని గురించి ఆయన ఏం చెప్పేవారు, ఏం చెప్పకుండా మౌనంగా ఉండేవారు, అన్నీ అడిగి రాయండి. చెప్పినవారి పేరు, తేదీ కూడా. అంగడిలో ఆ కాగితానికి ఇవాళ ధర లేకపోవచ్చు. కానీ ఉక్కు మీది రాతను వందేళ్ల తర్వాత కూడా భూతద్దంతో చదవగలం. పెద్దవారి జ్ఞాపకంలో ఉన్నదాన్ని చదివే అవకాశం వారున్నన్నాళ్లే.